పార్ట్‌నర్‌షిప్ అయిపోయాక పేటెంట్ ఎవరికి? దయచేసి "చెరి సగం" అని రాసుకోకండి

రెండు కంపెనీలు కలిసి కొత్త ప్రొడక్ట్ చేద్దామని రాసుకునే అగ్రిమెంట్లలో నాకు చూడగానే చిరాకేసే లైన్ ఒకటుంది. "ఈ ప్రాజెక్టులో పుట్టే ఐపీ అంతా ఇద్దరికీ ఉమ్మడిగా చెరి సగం." (ఐపీ అంటే పేటెంట్లు, కాపీరైట్లు, సీక్రెట్ ఫార్ములాల లాంటి ఆస్తి.) అంతే, ఇంకేం ఉండదు. వినడానికి న్యాయంగానే ఉంటుంది, ఎవరూ ఎవర్నీ నొప్పించకుండా సంతకాలు అయిపోతాయి, తర్వాత ఎప్పుడో ఎవరి దారి వాళ్ళు చూసుకునే టైమొచ్చాక ఆ సగంతో ఏం చేసుకోవచ్చో ఎక్కడా రాసుకోలేదని అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది.

స్థలమైతే మధ్యలో గోడ కట్టుకుంటాం, పేటెంట్‌కి కట్టలేం కదా. ఇద్దరు ఓనర్లుంటే మొత్తం పేటెంట్ మీద ఇద్దరికీ హక్కుంటుంది, ఆ హక్కుతో ఏం చేయొచ్చన్నది మాత్రం దేశాన్ని బట్టి మారిపోతుంది. అమెరికాలో ఒక ఓనరు రెండో ఓనర్ని అడక్కుండా తయారు చేసి అమ్ముకోవచ్చు, బయటివాళ్ళకి మామూలు లైసెన్స్ కూడా ఇచ్చేయొచ్చు, వచ్చిన డబ్బులో పైసా పంచక్కర్లేదు (అదే అమెరికాలో కాపీరైట్ అయితే లైసెన్స్ మీద వచ్చిన లాభం పంచాలి, చూడండి మరి). ఇండియాలో పేటెంట్స్ యాక్ట్ 1970 సెక్షన్ 50 ప్రకారం సొంతానికి వాడుకోవచ్చు గానీ లైసెన్స్ ఇవ్వాలన్నా, తన వాటా అమ్ముకోవాలన్నా రెండోవాళ్ళు ఒప్పుకోవాలి. బ్రిటన్, జపాన్‌లో కూడా ఇంచుమించు ఇంతే. ఇవన్నీ మీరు వేరేగా ఏమీ రాసుకోకపోతే వర్తించే రూల్సే, రాసుకుంటే మీరు రాసుకున్నదే నడుస్తుంది. రాసుకోకపోతే ఎవరికి దెబ్బో ఊహించడం కష్టం కాదు. సొంత ఫ్యాక్టరీ ఉన్న పెద్ద కంపెనీ తనకు తాను తయారు చేసుకుంటూ కూర్చుంటుంది, లైసెన్సులు ఇచ్చి బతకాల్సిన చిన్న కంపెనీ మాత్రం ఆ సంతకం కోసం వాళ్ళ చుట్టూ తిరగాలి.

ఒక కేసు చెప్తాను, ఎథికాన్ వర్సెస్ యూఎస్ సర్జికల్, రెండూ సర్జరీ పరికరాలు చేసే అమెరికా కంపెనీలు. 1980లో ఒక డాక్టరు, ఒక ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ కలిసి ట్రోకార్ మీద పనిచేయడం మొదలెట్టారు, అంటే చిన్న కోతతో చేసే సర్జరీల్లో లోపలికి గుచ్చే పరికరం, అది లోపలి అవయవాలకి తగలకుండా ఉండే సేఫ్టీ డిజైన్ అన్నమాట. టెక్నీషియన్‌కి జీతం లేదు. ఏడాదిన్నర తర్వాత 1982లో విడిపోయారు. అదే ఏడాది డాక్టరు తన ఒక్కడి పేరు మీదే పేటెంట్‌కి అప్లై చేశాడు, టెక్నీషియన్‌కి చెప్పనే లేదు. 1985లో 55 క్లెయిములతో (అంటే ఫలానాది నాది అని పేటెంట్‌లో ఒక్కొక్కటిగా రాసుకునే అంశాలు) పేటెంట్ వచ్చింది, దానికి ఎథికాన్ ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్ (అంటే ఇంకెవరికీ ఇవ్వని లైసెన్స్) తీసుకుంది, తీసుకుని ఆ పేటెంట్‌ని అడక్కుండా వాడుతున్నారని 1989లో యూఎస్ సర్జికల్ మీద కేసేసింది. కేసు నడుస్తుండగానే యూఎస్ సర్జికల్ వాళ్ళు ఆ టెక్నీషియన్ని వెతికి పట్టుకుని అతని దగ్గర్నించి, పాత రోజులకి కూడా వర్తించేలా, లైసెన్స్ రాయించుకున్నారు. కోర్టు తేల్చిందేంటంటే 55 క్లెయిముల్లో రెండింట్లో అతని చెయ్యి ఉంది, కేసేసింది ఆ రెండింటి మీద కాదు కూడా, అయినా సరే అతను మొత్తం పేటెంట్‌కి కో-ఓనరే, అతను కలిసి రాకపోతే కేసే నిలవదు. 1998లో అప్పీల్ కోర్టు కూడా అదే ఖాయం చేసింది. పదహారేళ్ళ కింద విడిపోయిన మనిషి దగ్గర ఒక కాగితం మీద సంతకం తీసుకుని ఉంటే అయిపోయే దానికి!

అందుకే నా మట్టుకు నేను ఉమ్మడి ఓనర్‌షిప్ వద్దనే చెప్తాను. ఒకళ్ళు ఓనరుగా ఉండండి, రెండోవాళ్ళు గట్టి లైసెన్స్ తీసుకోండి, పార్ట్‌నర్‌షిప్ రద్దయినా అది పోదని స్పష్టంగా రాయించుకోండి. లేదా రంగాలవారీగా పంచుకోండి, మెడికల్ వాడకం నీది, వ్యవసాయం వాడకం నాది అన్నట్టు. ఇన్వెంటర్ల పేర్లు కూడా మనుషులు చెల్లాచెదురు కాకముందే తేల్చి సంతకాలు పెట్టించేయాలి.

ఇంకో చిక్కు పాత సరుకుతో. సెన్సర్ చేసే కంపెనీ ఒకటి, సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ ఒకటి కలిశాయనుకోండి, సాఫ్ట్‌వేర్ వాళ్ళ పాత లైబ్రరీ (ముందే రాసిపెట్టుకున్న కోడ్) మీదే కొత్త కోడంతా నిలబడింది. ఆ పాత లైబ్రరీకి ఇచ్చిన లైసెన్స్ చాలాసార్లు "ప్రాజెక్ట్ పనుల కోసం" అనే ఉంటుంది, ప్రాజెక్ట్ ఆగిన రోజే అదీ పోతుంది. అప్పుడు కొత్త కోడ్ మీద హక్కు చేతిలో ఉన్నా సెన్సర్ వాళ్ళు దాన్ని రన్ చేయలేరు. విడిపోయేటప్పుడు అందరూ కొత్తగా పుట్టినదాని గురించే కొట్టుకుంటారు, నిజానికి ముందు చూడాల్సింది అది దేని మీద ఆధారపడి ఉందో. విడిపోయాక చేసే ఇంప్రూవ్‌మెంట్లు ఎవరికి వాళ్ళవే అని ఒక తేదీ కూడా పెట్టుకోండి, లేకపోతే ఆరు నెలల తర్వాత పాత ఇంజినీరుకి ఏదో ఐడియా వస్తే అది ఏ ఖాతాలో అని మళ్ళీ పంచాయితీ.

ట్రేడ్ సీక్రెట్ల, అంటే ఫార్ములాల్లాంటి వ్యాపార రహస్యాల సంగతి మరీ దారుణం. ఎన్‌డీఏలో (అంటే రహస్యాలు బయటపెట్టకూడదని రాసుకునే ఒప్పందంలో) "రద్దయిన తేదీ నుంచి మూడేళ్ళు" అని ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు, మూడేళ్ళు దాటాక ఆ ఫార్ములా గురించి అవతలివాళ్ళు నోరు విప్పినా మీరు ఆపడం కష్టం. ట్రేడ్ సీక్రెట్‌కి మాత్రం అది సీక్రెట్‌గా ఉన్నన్నాళ్ళూ అని విడిగా రాయాలి. "వెనక్కివ్వాలి లేదా నాశనం చేయాలి" అనే క్లాజు కాగితాలకీ ఫైళ్ళకీ బానే ఉంది, మీ డేటాతో ట్రైన్ చేసిన ఏఐ మోడల్ సంగతేంటి? ఫైళ్ళు డిలీట్ చేశాం అంటారు, నిజంగానే చేస్తారు కూడా, మోడల్ మాత్రం వాళ్ళ సర్వర్లో హాయిగా నడుస్తూనే ఉంటుంది. దాని పేరు పెట్టి మరీ రాయండి.

చివరగా రెన్యువల్ ఫీజు. పేటెంట్ ఇరవై ఏళ్ళు అంటాం గానీ చాలాచోట్ల ఏటేటా, అమెరికాలో అయితే మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్ళకి ఫీజు కడుతూ ఉండాలి. వాళ్ళు కడతారులే అని వీళ్ళు, వీళ్ళు కడతారులే అని వాళ్ళు ఊరుకుంటే గడువు దాటాక ఇచ్చే ఆరు నెలలు కూడా అయిపోయి పేటెంట్ పోతుంది. ఎవరు కట్టాలి, వాళ్ళు మానేస్తే రెండోవాళ్ళకి ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నది ఎగ్జిట్ అగ్రిమెంట్లో రాసుకోండి. పేటెంట్ ఏజెంట్ దగ్గరున్న మెయిల్ ఐడీ కూడా మార్పించండి, రిమైండర్లు చాలావరకు ఎప్పుడో కంపెనీ వదిలేసిన మనిషి ఇన్‌బాక్స్‌కే వెళ్తుంటాయి.