ఆధార్ సెంటర్ లైన్లో నిలబడే ముందు

జూన్ వచ్చిందంటే హైదరాబాద్‌లో ఏ ఆధార్ సెంటర్ ముందు చూసినా జాతరే. బడులు తెరిచేదీ, పిల్లల వేలిముద్రలు అప్‌డేట్ చేయించుకు రమ్మని టీచర్లు పట్టుబట్టేదీ అప్పుడే. బ్యాంకు మెట్ల మీద, పోస్టాఫీసు గేటు దగ్గర, మీసేవ షట్టర్ ముందు పొద్దున ఏడింటికే జనం. ఆ గుంపులో కొందరు అసలు రానక్కర్లేనివాళ్లు, కొందరు కాగితం సరిపోక మళ్లీ వచ్చినవాళ్లు. ఈ రెండు రకాలూ తగ్గితే లైన్ చాలావరకు పలచబడుతుంది.

అడ్రసు ఒక్కటే మారాలంటే లైన్ అక్కర్లేదు. ఫోన్ నంబరు ఆధార్‌కు లింకై ఉంటే మైఆధార్ సైట్లో ఓటీపీతో లాగిన్ అయి, కాగితం స్కాన్ చేసి పెట్టి, 75 రూపాయలు కడితే సరిపోతుంది. మీ పేరు మీద ఏ కాగితమూ లేకపోతే ఇంటి పెద్ద ఆధార్ నంబరుతో పెట్టుకోవచ్చు. కాకపోతే ఆయన తన లాగిన్లోకి వెళ్లి 30 రోజుల్లో ఒప్పుకోవాలి. రిక్వెస్టు పెట్టి ఆయనకు చెప్పడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ. పెళ్లయ్యాక కేరాఫ్‌లో నాన్న పేరు తీసి భర్త పేరు పెట్టించుకోవడానికి ఎండలో నిలబడే ఆడవాళ్లు ఎందరో. ఆ కేరాఫ్ కూడా అడ్రసులో భాగమే, అదీ ఆన్‌లైన్లోనే మార్చుకోవచ్చు.

ఫోన్ నంబరు మార్పుకు కాగితాలేమీ అడగరు, వేలిముద్ర చాలు. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ ద్వారా పోస్ట్‌మ్యానే ఈ పని చేస్తారు. మీ ఏరియా పోస్టాఫీసులో ఒకసారి అడగండి. మంచం పట్టిన పెద్దవాళ్లుంటే ఇంటికే వచ్చి చేసే సేవ ఉంది, 700 రూపాయలు. అదే ఇంట్లో ఇంకొకరికి 350.

తప్పదు, వెళ్లాల్సిందే అంటే ముందు లెక్క వేసుకోండి. ఒక్కొక్కరికి పది, పదిహేను నిమిషాలు పడుతుంది. అంటే ఒక మెషీన్ మీద గంటకు నాలుగు నుంచి ఆరుగురు. లంచ్ పోగా రోజంతా ముప్పై, ముప్పై ఐదు మందికి అయితే గొప్ప. మీ ముందు నలభై మంది ఉంటే ఆ రోజు ఇంటికెళ్లడమే మేలు. పొద్దున్నే ఎవరో పుణ్యాత్ముడు నోట్‌బుక్ పేజీ చింపి పేర్లు రాయడం మొదలుపెడతాడు. తొమ్మిదిన్నరకు గేటు అవతల ఇంకో లిస్టు పుడుతుంది. ఆపరేటర్ వచ్చి ఆ రెండూ పక్కన పడేసి తన టోకెన్లు తను ఇస్తాడు. గొడవంతా అక్కడే. అందుకే ముందురోజు సాయంత్రం వాచ్‌మన్‌ను మూడు మాటలు అడగండి: టోకెన్లు ఎవరిస్తారు, ఎన్ని ఇస్తారు, రేపు ఆపరేటర్ వస్తున్నాడా. టోకెన్ మనిషికొకటి, కుటుంబానికి ఒకటి కాదు. ఈ తంటా వద్దనుకుంటే మాదాపూర్ ఆధార్ సేవా కేంద్రానికి ఆన్‌లైన్లో స్లాట్ బుక్ చేసుకోవచ్చు. దూరమైనా నాకైతే అదే నయమనిపిస్తుంది.

కాగితాల విషయానికొస్తే, ఒరిజినలే స్కాన్ చేస్తారు. జిరాక్స్ మీద గెజిటెడ్ సంతకం పెట్టించుకొచ్చినా లాభం లేదు. కరెంటు బిల్లు మూడు నెలల లోపుదై ఉండాలి, పైగా మీ పేరు మీదే ఉండాలి. అద్దెకుండేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు, బిల్లు ఓనరు పేరు మీద వస్తుంది కదా. గ్యాస్ కనెక్షన్ మీ పేరు మీద ఉంటే ఆ బిల్లు పట్టుకెళ్లండి. ఎమ్మెల్యే లేదా గెజిటెడ్ అధికారి ఇచ్చే సర్టిఫికెట్ అయితే ఆధార్ వాళ్ల ఫార్మాట్‌లోనే ఉండాలి. సంతకం, స్టాంపు సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. తేదీ లేకపోయినా, ఒక్క అక్షరం కొట్టేసి దిద్దినా తిప్పి పంపుతారు.

పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే, పుట్టిన తేదీకి ఒక్కసారే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పాన్ కార్డులో ఒక్క అక్షరంగా ఉంటే, ఏది ఖాయం చేసుకోవాలో ఇంట్లోనే తేల్చుకోండి. మెమోనే ఆధారంగా పెట్టుకుంటే తర్వాత చిక్కులు తక్కువ.

పిల్లల విషయంలో మరో తిరకాసుంది. ఆసుపత్రి వాళ్లు 21 రోజుల్లోపు జననం నమోదు చేయిస్తారు, అప్పటికి పేరు పెట్టి ఉండరు. పేరు గడి ఖాళీగా ఉన్న ఆ బర్త్ సర్టిఫికెట్‌నే తల్లిదండ్రులు సెంటరుకు తెస్తారు. ముందు మీసేవలో పేరు ఎక్కించుకోవాలి. ఏడాదిలోపు ఆలస్య ఫీజు ఉండదు, ఆ తర్వాత 15 ఏళ్లు వచ్చేదాకా ఫీజు కట్టి ఎక్కించవచ్చు.

వేలిముద్రలు పడటం మరో తలనొప్పి. గిన్నెలు తోమే చేతులకు, సిమెంటు పని చేసే చేతులకు గీతలు అరిగిపోయి ఉంటాయి. చేయి కడిగి, తుడిచి, మరీ పొడిగా ఉంటే కాస్త తడి చేసి పెట్టాలి. అప్పటికీ పడకపోతే కళ్లు స్కాన్ చేయమని అడగండి. గోరింటాకు పెట్టుకున్న వారంలో వెళ్లకపోవడం మంచిది.

అన్నిటికంటే ముఖ్యమైంది చివరి అర నిమిషం. ఆపరేటర్ ఇంగ్లిష్‌లో కొడితే తెలుగు దానంతటదే పడుతుంది. ‘లక్ష్మి’ అక్కడ ‘లక్షమి’ అయి కూర్చుంటుంది. వెనకాల జనం తోస్తున్నా సరే, స్క్రీన్ మీ వైపు తిప్పించుకుని రెండు భాషల్లోనూ చదివి, ఫోన్ నంబరు అంకె అంకె సరిచూసుకుని అప్పుడే సంతకం పెట్టండి.

ఇక ఫీజు. పేరు, అడ్రసు లాంటివైతే 75 రూపాయలు, వేలిముద్రలూ ఫొటో అయితే 125. రెండూ ఒకేసారి చేయించినా 125 మాత్రమే. 200 అడిగితే రసీదు మీద ఎంతుందో చూపించమనండి. కొత్త ఆధార్ ఉచితం. 5 నుంచి 7, 15 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లల వేలిముద్రలూ ఉచితమే. 2025 అక్టోబర్ నుంచి ఏడాదిపాటు 7 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లలకూ మాఫీ చేశారు.

స్లిప్ మీద 14 అంకెల ఎన్‌రోల్‌మెంట్ నంబరు, పక్కనే తేదీ, టైము ఉంటాయి. రెండూ కలిపితేనే సైట్లో స్టేటస్ కనిపిస్తుంది. ఆ ఇంకు తొందరగా మాసిపోతుంది కాబట్టి బయటికి రాగానే ఫోన్లో ఫొటో తీసుకోండి. రిజెక్ట్ అయితే కారణం చదవకుండా అదే కాగితంతో మళ్లీ వెళ్లకండి, ఫీజు మళ్లీ కట్టాలి.