ముందుతోలు పగుళ్లు, వెనకాల దాగిన షుగరు

అంగం ముందుతోలు అంచున నిలువుగా నాలుగైదు సన్నటి చీలికలు. మూత్రం తగిలితే మంట, ఆరితే దురద, లోపల పెరుగు విరిగినట్టు తెల్లటి మడ్డి. నాకు మొదలైంది ఇట్లాగే. కడపలో ఎండాకాలం నలభై డిగ్రీలు దాటుతుంది, తొడల సందున చెమట ఆరదు. కాబట్టి ఏం వచ్చినా 'వేడి చేసింది' అనుకోవడం ఇక్కడ మామూలు. సబ్జా గింజలు నానబెట్టి తాగితే ఒంటికి హాయిగా ఉంటుందేమో గానీ, ఈ పగుళ్లు మానవు.

నడివయసు మగవాడికి ఇవి కొత్తగా వచ్చాయంటే ముందు చూడాల్సింది రక్తంలో షుగరు. చర్మ డాక్టరు నాకు క్రీముతో పాటు రక్త పరీక్షా రాశాడు. పరగడుపున 214, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 10.2. పరగడుపున 126, హెచ్‌బీఏ1సీ 6.5 చేరితే షుగరు వ్యాధి కిందే లెక్క. అప్పటిదాకా నాకు వేరే లక్షణమేదీ లేదు, రాత్రిళ్లు మూత్రానికి లేవడం తప్ప. దాన్నెవరు పట్టించుకుంటారు!

రక్తంలో షుగరు సుమారు 180 దాటితే మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేక మూత్రంలోకి వదిలేస్తాయి. మూత్రం పోశాక చివరి చుక్కలు తోలు కింద నిలుస్తాయి. అక్కడ వెచ్చదనం, తడి ఎప్పుడూ ఉండేవే, ఇప్పుడు చక్కెర కూడా తోడైంది. ఒంటి మీద మామూలుగా ఊరికే పడుండే కాండిడా ఫంగస్ అక్కడ విపరీతంగా పెరుగుతుంది. తోలు వాస్తుంది, వాచిన తోలును లాగితే చిట్లుతుంది. చిట్లినచోట మచ్చ కట్టి మానుతుంది, మచ్చ కట్టిన తోలు సాగదు. పగలడం, మానడం, మళ్లీ పగలడం... ఇట్లా తోలు మూతి బిగుసుకుపోతుంది. బిగిస్తే వెనక్కి రాదు, రాకపోతే కడగలేం, కడగకపోతే మళ్లీ ఫంగస్. ఈ బిగుతునే డాక్టర్లు ఫైమోసిస్ అంటారు.

మెడికల్ షాపుకు పోయి గొంతు తగ్గించి "అక్కడ దురద" అంటే చాలాసార్లు చేతిలో పెట్టేది క్లోబెటసాల్, ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు కలిపిన ట్యూబు. రెండు రోజుల్లో దురద మాయమవుతుంది, జనానికి దాని మీద నమ్మకం అందుకే. క్లోబెటసాల్ చాలా ఘాటైన స్టీరాయిడ్. ఎరుపునూ దురదనూ అణిచేస్తుంది, ట్యూబులో ఫంగస్ మందు ఉన్నా ఫంగస్ పూర్తిగా పోకుండా కింద మిగిలిపోవచ్చు, పూయడం ఆపగానే తిరగబెడుతుంది. వారాల తరబడి పూస్తే తోలు పలచబడి ఇంకా తేలిగ్గా చిట్లుతుంది. నాకు రాసింది ఒట్టి క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము, ఉదయం సాయంత్రం, రెండు వారాలు. దానికి తోడు ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర, ఒకే ఒక్క డోసు. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, ఫ్లూకొనజోల్‌తో కలిస్తే షుగరు మరీ పడిపోవచ్చు. క్రీము వాడే రోజుల్లో కండోమును నమ్ముకోకూడదు, క్రీములోని నూనె పదార్థాలు రబ్బరును దెబ్బతీస్తాయి. భార్యకు కూడా దురద, తెల్లబట్ట ఉంటే ఆమెకూ వైద్యం చేయించాలి.

కడగడానికి నీళ్లు చాలు. డెట్టాల్, వేపాకు రసం, సువాసన సబ్బు, ఇవన్నీ ఆ పలచటి చర్మాన్ని మండించి పగుళ్లు పెంచేవే. స్నానంలో తోలును నొప్పి లేనంత వరకే వెనక్కి తీసి, గోరువెచ్చటి నీళ్లు పోస్తూ అంగం తల కింది గాడి చుట్టూ వేలి కొసతో తుడవాలి. మెత్తటి బట్టతో అద్ది, ఆరాక తోలును తిరిగి ముందుకు తేవాలి. మూత్రానికి పోయినప్పుడూ తోలు కొంచెం వెనక్కి తీసి పోయడం, చివరి చుక్కలు అద్దుకోవడం మంచిది. నీళ్ల కరువు ఊళ్లలో కూడా దీనికి చెంబెడు నీళ్లు ఎక్కువే.

తోలును ముందుకు తేవడం మరిస్తే ప్రమాదం. బిగుతు తోలు వెనకాలే ఇరుక్కుని, ముందు భాగం గంటల్లో వాచిపోతుంది. పిడికిలితో అంగం తలను గట్టిగా పట్టి ఐదు పది నిమిషాలు నొక్కి ఉంచితే వాపు దిగి తోలు ముందుకు రావచ్చు. రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా క్యాజువాలిటీకి పోవాల్సిందే. ఆసుపత్రిలో మూత్రం గొట్టం వేసిన పెద్దవాళ్లకూ ఇది జరుగుతుంటుంది, గొట్టం వేశాక తోలు ముందుకు తెచ్చారో లేదో పక్కనున్నవాళ్లు చూసుకోవాలి.

క్రీముతో, షుగరు మందులతో నా మంట పోయింది, బిగుతు మిగిలింది. మచ్చ కట్టని మామూలు బిగుతుకైతే బీటామెథసోన్ 0.05 శాతం క్రీము రోజుకు రెండుసార్లు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు, డాక్టరు చెప్పిన ప్రకారం మూతి మీద పూస్తే చాలామందికి సడలుతుంది. తెల్లగా గట్టిపడ్డ మచ్చకు అది పెద్దగా పనిచేయదు. యూరాలజిస్టు సున్తీ చేయాలన్నాడు. "ఈ వయసులో నీకిదేంది బావా" అని ఇంట్లో నవ్వులు! సాయిబుల ఇళ్లలో పిల్లలకు చేసేదే, నాకు చేసింది రోగానికి. అయితే షుగరు దిగేదాకా కోతకు ఒప్పుకోలేదు, షుగరు ఎక్కువుంటే పుండు చీము పడుతుంది, నిదానంగా మానుతుంది.

అంగం మొదట్లో మత్తు సూది, ఆ తర్వాత ముప్పావుగంట లోపు పని. కుట్లు కరిగే దారంవి, రెండు మూడు వారాల్లో వాటంతటవే రాలతాయి. వాపు, నీలం రంగు చూసి బెదరక్కర్లేదు. అసలు బాధ తెల్లవారుజామున అంగం గట్టిపడినప్పుడు, కుట్లు లాగుతాయి. లేచి మూత్రం పోసి నాలుగడుగులు నడిస్తే తగ్గుతుంది. లుంగీ కన్నా ఒంటికి పట్టి ఉండే డ్రాయరు మేలు, అంగాన్ని పొట్ట వైపు పైకి పెట్టుకుంటే వాపు త్వరగా దిగుతుంది. కట్టు అంటుకోకుండా వాజలీను. సంసారానికి ఆరు వారాలు సెలవు. రక్తం చినుకుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా పది నిమిషాలు నొక్కాలి, అప్పటికీ ఆగకపోయినా, జ్వరం వచ్చినా ఆసుపత్రికే.

కోసిన తోలును పారేయకుండా బయాప్సీకి పంపమని నేనే అడిగాను. తెల్లగా గట్టిపడే తోలులో లైకెన్ స్క్లెరోసస్ అనే జబ్బు ఉండొచ్చు, ఏళ్ల తరబడి బిగుసుకున్న తోలు కింద అరుదుగా క్యాన్సరూ పెరగొచ్చు. బీడీ, సిగరెట్, హెచ్‌పీవీ వైరస్ దాని తోడుదొంగలు. నొప్పి లేని పుండో గడ్డో కొన్ని వారాలకూ మానకపోయినా, బిగుతు తోలు కింద నుంచి కంపు కొట్టే నీరు, రక్తం వచ్చినా సిగ్గుపడి ఆగకూడదు. షుగరున్నవాళ్లకు వృషణాల సంచి దగ్గర చూడ్డానికి ఏమీ లేనట్టుండి భరించలేని నొప్పి, జ్వరం వస్తే అది గంటల మీద చర్మాన్ని కుళ్లబెట్టే ఇన్ఫెక్షన్ కావచ్చు.

నా బయాప్సీలో మచ్చ తప్ప ఏమీ లేదు. షుగరు మందు మాత్రం నడుస్తూనే ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు చక్కెరను మూత్రంలోకి తోసి షుగరు దించుతాయి. గుండెకు, మూత్రపిండాలకు మంచివే, కానీ మర్మాంగాల్లో ఫంగస్‌ను పెంచుతాయి. నా పాత సంగతి తెలిసి డాక్టరు నాకు మెట్‌ఫార్మిన్‌తో సరిపెట్టాడు. తోలు ఉండి అవి వాడుతున్నవాళ్లు తమంతట తాము మాత్ర ఆపకుండా, దురద మొదలైన రోజే మందు రాసిన డాక్టరుకు చెప్పాలి.