అన్నయ్యకి పడిన మాత్ర

అన్నయ్యకీ నాకూ ఒకే మాత్ర, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మందు, సిమ్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు. అన్నయ్య ఆరేళ్లుగా వేసుకుంటున్నాడు, ఒంట్లో ఏ తేడా లేదు. నాకు ఆరో వారానికే తొడలు పట్టేశాయి.

మెట్లెక్కాలంటే రెయిలింగ్ పట్టుకుని ఒళ్లు పైకి లాక్కోవాల్సిందే. కింద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యిచ్చి లేపాలి. వయసు కదా అన్నారు ఇంట్లోవాళ్లు. "మీ అన్నయ్యకి బాగానే ఉందిగా" అన్నారు డాక్టరు. దాంతో నా మీద నాకే అనుమానమొచ్చింది. చెడ్డ కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 171 నుంచి 102కి దిగిన సంతోషంలో నొప్పిని ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా.

ఇంకో డాక్టరు సీకే పరీక్ష రాశారు. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ అది. 200 లోపు ఉండాల్సింది 1,640 వచ్చింది. మాత్ర ఆ రోజే ఆపించారు. థైరాయిడ్, విటమిన్ డి బాగానే ఉండటంతో జన్యు పరీక్షకి పంపారు.

తేడా ఎస్‌ఎల్‌సీఓ1బీ1 అనే జన్యువులో దొరికింది. దీనివల్ల తయారయ్యే ప్రొటీన్ కాలేయ కణాల గుమ్మంలో ఉండి, రక్తంలోని స్టాటిన్‌ని లోపలికి లాక్కుంటుంది. స్టాటిన్‌కి అసలు పని అక్కడే. నా జన్యువులో ఒకచోట 'టీ' అనే డీఎన్‌ఏ అక్షరానికి బదులు 'సీ' ఉంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు కాపీలూ అంతే. మందు లోపలికి సరిగ్గా వెళ్లక, రక్తంలో పేరుకుని కండరాల మీద పడింది. అదే అమ్మానాన్నలకి పుట్టిన అన్నయ్య వంతుకి ఏవి వచ్చాయో మరి! 2008లో వెలువడిన ఒక బ్రిటన్ అధ్యయనంలో, 80 మిల్లీగ్రాముల సిమ్వాస్టాటిన్ వాడినవాళ్లలో రెండు 'సీ'లున్నవారికి కండరాల జబ్బు ముప్పు, అవి లేనివారికంటే సుమారు 17 రెట్లు కనిపించిందట. నాది అందులో సగం డోసే.

నొప్పి పోవడానికి మూడు వారాలు పట్టింది, కాళ్లలో బలం రావడానికి ఇంకో రెండు నెలలు. ఆ తర్వాత మళ్లీ స్టాటిన్ అనగానే టెన్షన్. "రోసువాస్టాటిన్‌కి ఈ తేడాతో అంత ఇబ్బంది ఉండదు" అని ధైర్యం చెప్పి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. పేగుల్లో కొలెస్ట్రాల్‌ని అడ్డుకునే ఎజెటిమిబ్ కూడా కలిపారు. మొదటి నెలంతా పొద్దున లేవగానే తొడలు నొక్కి చూసుకునేవాణ్ణి. ఇప్పుడు ఎల్‌డీఎల్ 84, సీకే నార్మల్.

కొత్త డాక్టరు ఎవరైనా సరే, ముందు ఆ జన్యు పరీక్ష రిపోర్టే చూపిస్తాను. ఒకాయన చదవకుండానే మడిచి వెనక్కిచ్చారు. విప్పి మళ్లీ ఆయన ముందే పెట్టాను.