వేలు నీలమైందా? ముందు గోరు చూడండి

కూరగాయల సంచీ రెండు వేళ్లకు తగిలించుకుని మెట్లెక్కుతుంటే చూపుడు వేలి అడుగున సుర్రుమంటుంది. చీమ కుట్టిందేమో అనుకుంటారు. కాసేపట్లో కణుపు దగ్గర చిన్న ఉబ్బు, ఆ తర్వాత కొస తప్ప అరచేతి వైపు వేలంతా నేరేడు పండు రంగు. ఒక్కోసారి సంచీ కూడా ఉండదు, ఊరికే కూర్చున్నా ఇంతే.

దీన్ని అఖెన్‌బాఖ్ సిండ్రోమ్ అంటారు. 1950ల్లో దీని గురించి రాసిన జర్మన్ వైద్యుడు వాల్టర్ అఖెన్‌బాఖ్ పేరే దీనికి పెట్టారు. చర్మం కింద సన్నటి రక్తనాళం చిట్లి, కాస్త రక్తం అక్కడే కమ్ముకుంటుంది. అంతకుమించి ఏమీ లేదు. నడివయసు దాటిన ఆడవాళ్లలో ఎక్కువ, అదీ చూపుడు వేలికి, మధ్య వేలికి. కొన్ని రోజుల్లో, మహా అయితే ఒకటి రెండు వారాల్లో దానంతటదే పోతుంది.

భయమల్లా వేలికి రక్తం ఆగిపోయిందేమోనని. అది తేల్చేది వేలి కొస. ఈ జబ్బులో నీలం వేలి మొదలు, మధ్య భాగాల్లోనే ఉంటుంది, కొస, గోరు దాదాపు ఎప్పుడూ గులాబీ రంగులోనే ఉంటాయి. చేతిని గుండె ఎత్తులో పెట్టి గోరును 5 సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. తెల్లబడిన గోరు 2 సెకన్లలో మళ్లీ ఎర్రబడితే రక్తం కొసదాకా వస్తున్నట్టే. చేతులు చల్లగా ఉంటే ఈ పరీక్ష తప్పు చెబుతుంది, కాబట్టి ముందు వెచ్చబడనివ్వండి. పక్క వేలితో పోల్చి చూడండి.

తర్వాత నీలం మీద గాజు గ్లాసు అదిమి చూడండి. రక్తం నాళం బయటికి వచ్చేసింది కాబట్టి రంగు చెదరదు. అదిమితే పాలిపోయిందంటే ఇది కమిలిన మచ్చ కాదు. స్పిరిట్‌లో ముంచిన దూదికి రంగు అంటుకుందా, అది కొత్త జీన్స్ ప్యాంటు పుణ్యం! నవ్వకండి, దీనికే ఆసుపత్రికి పరుగెత్తినవాళ్లున్నారు.

చలికి వేళ్ల రక్తనాళాలు బిగుసుకుపోయే రేనాడ్స్ జబ్బులో వరస వేరు: చలికో, ఫ్రిజ్‌లో చెయ్యి పెడితేనో వేళ్లు కొసల నుంచి పాలిపోయి, తర్వాత నీలమై, వెచ్చబడ్డాక ఎర్రబడతాయి.

ఇంట్లో చేసే తప్పులే ఎక్కువ. బామ్ రాసి మర్దనా చేస్తే చిట్లిన నాళం ఇంకా కారుతుంది. మొదటి రోజు వేడి కాపడం కూడా అంతే. గుడ్డలో చుట్టిన ఐసు 10 నిమిషాలు పెట్టి, చెయ్యి ఎత్తి ఉంచితే చాలు. అన్నిటికంటే ముందు ఉంగరం తీసేయండి. వాపు పెరిగాక సబ్బు నీళ్లకు కూడా రాదు, కోయించాల్సి వస్తుంది. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. ‘రక్తం గడ్డకట్టిందేమో’ అని సొంతంగా ఆస్పిరిన్ వేసుకోవడం తలకిందుల వైద్యం.

డాక్టర్ మణికట్టు నాడి చూసి, ప్లేట్‌లెట్లతో సహా సీబీసీ (రక్తకణాల లెక్క), పీటీ, ఏపీటీటీ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్షలు) రాస్తే అర్థముంది. రక్తం పలచబడే మందులు వాడుతుంటే తప్పక చెప్పండి, అలాగని అవి మీరే ఆపేయకండి. నాడి బాగుండి, కొస వెచ్చగా ఉంటే యాంజియోగ్రామ్ దాకా పోనక్కర్లేదు.

వేలు మంచులా చల్లబడినా, కొస పాలిపోయినా, నల్లబడినా, స్పర్శ పోయినా అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. పెదాలు, నాలుక కూడా నీలమైతే సమస్య వేలిది కాదు, ఊపిరితిత్తులదో గుండెదో, అంబులెన్స్ పిలవండి. చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద ఇంకెక్కడైనా మచ్చలు ఉంటే ఆ రోజే చూపించుకోవాలి.

ఇది మళ్లీ మళ్లీ వచ్చే రకం. అపాయింట్‌మెంట్ దొరికేసరికి రంగు పోయి, డాక్టర్‌కు చూపించడానికి ఏమీ మిగలదు. అందుకే మొదటి గంటలోనే వెలుతురులో రెండు ఫోటోలు తీసుకోండి: ఒకటి అరచేతి వైపు నుంచి, ఒకటి గోళ్ల వైపు నుంచి.