పాయింట్ల కార్డు వదిలించుకున్న వైనం

"మీ కార్డు ప్రయోజనాలను మరింత మెరుగుపరుస్తున్నాం" అని బ్యాంకు మెయిల్ పెట్టిందంటే ఎక్కడో కోత పెట్టారనే లెక్క. నాకొచ్చింది కూడా అలాగే మొదలైంది. రెండు పేరాల పొగడ్త, విమానం ఎక్కుతున్న ఒక జంట ఫోటో, అడుగున చిన్న అక్షరాల్లో ఒక లింకు. అసలు సరుకంతా ఆ లింకు నొక్కితే వచ్చే పీడీఎఫ్‌లో ఉంది.

మేముండేది బెంగళూరు మహదేవపురలో. ఇంటి జమాఖర్చులు చూసేది నేనే. కొన్నేళ్లుగా మా ఇంట్లో దాదాపు ప్రతి ఖర్చూ, ఖర్చుకు తగ్గట్టు రివార్డు పాయింట్లు ఇచ్చే ఒకే క్రెడిట్ కార్డు మీద నడిచేది. అద్దె, పాప స్కూలు ఫీజు, బెస్కాం కరెంటు బిల్లు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, పెట్రోలు, సరుకులు అన్నీ. కార్డు ఫీజు ఏడాదికి 2,500, జీఎస్టీతో కలిపి 2,950. ఏడాదిలో 3 లక్షలు ఖర్చు పెడితే మాఫీ. నెలకు 30,000 అద్దె ఒక్కటే ఆ గీత దాటించేసేది కాబట్టి ఫీజు సంగతి ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఇప్పుడు పీడీఎఫ్‌లో ఏముందంటే, అద్దెకు ఇక పాయింట్లు లేవు, పైగా 1 శాతం ఛార్జీ. యాప్‌ల ద్వారా కట్టే స్కూలు ఫీజుకూ అంతే. కరెంటు, నీళ్ల బిల్లులకు నెలకు ఇంతవరకే అని పరిమితి. పెట్రోలుకు ముందునుంచే ఏమీ లేదు. పాయింట్లు వాడుకోవాలంటే వాడిన ప్రతిసారీ 99 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఎయిర్‌పోర్టు లాంజ్‌లోకి వెళ్లాలంటే అంతకుముందు మూడు నెలల్లో 75,000 ఖర్చు పెట్టి ఉండాలి. ఇవన్నీ ఒక ఎత్తు. ఫీజు మాఫీకి లెక్కగట్టే 3 లక్షల్లోంచి కూడా అద్దెతో సహా పాయింట్లు రాని ఖర్చులన్నీ తీసేశారన్న ముక్క ఒక ఎత్తు. అది ఆఖరి పేజీలో ఉంది మరి.

మా మరిది వైట్‌ఫీల్డ్‌లో పనిచేస్తాడు, పాయింట్ల పిచ్చి బాగా ఉన్నవాడు. ఆదివారం భోజనానికి వస్తే ఆ పీడీఎఫ్ చూపించాను. "మీకు ఇప్పుడొచ్చింది వదినా, మాకు ఎప్పుడో అయిపోయింది" అన్నాడు. యాక్సిస్ బ్యాంకు మాగ్నస్ కార్డు కథ వాడి దగ్గరే విన్నాను. నెలకు లక్ష ఖర్చు పెడితే 25,000 పాయింట్లు అదనంగా వచ్చేవట. 2023 సెప్టెంబరు నుంచి అది ఎత్తేశారు, ఏడాది ఫీజు 10,000 నుంచి 12,500 చేశారు, పాయింట్లను విమానం టికెట్లకు వాడుకునే మైళ్లుగా మార్చుకునే నిష్పత్తిని 5కి 4 నుంచి 5కి 2కు దించారు. 2024 ఆగస్టు నుంచి హెచ్‌డీఎఫ్‌సీ కార్డులతో యాప్‌ల ద్వారా అద్దె కడితే 1 శాతం ఛార్జీ, గరిష్ఠంగా 3,000. అదే ఏడాది నవంబరు నుంచి చాలా ఐసీఐసీఐ కార్డుల్లో లాంజ్‌కు కావాల్సిన మూడు నెలల ఖర్చును 35,000 నుంచి 75,000కు పెంచారు.

"అయినా ఇదంతా మాలాంటివాళ్ల చలవే వదినా" అని నవ్వాడు. వాడి స్నేహితుల్లో కొందరు సొంత ఇంట్లో ఉంటూ భార్య ఖాతాకు 'అద్దె' పంపి పాయింట్లు దండుకునేవారట. మనం కార్డు గీకినప్పుడు అందుకు వ్యాపారి కట్టే ఎండీఆర్ అనే రుసుములో పెద్ద వాటా కార్డిచ్చిన బ్యాంకుకు వస్తుంది. పాయింట్లు ఇచ్చేది అందులోంచే. ఆ వాటా తక్కువగా వచ్చే చోట, లేదా అసలు కొనుగోలే జరగని చోట పాయింట్లు ఇస్తూ పోతే బ్యాంకుకు చేతి చమురు వదులుతుంది. ఇంతవరకు బ్యాంకును తప్పుపట్టను. కోతను మెరుగుదల అని రాయడమే నాకు మండింది.

ఆ రాత్రి పాత స్టేట్‌మెంట్లు ముందేసుకుని ఎక్సెల్‌లో లెక్క వేశాను. కొత్త రూల్స్ ప్రకారం పాయింట్లు వచ్చే ఖర్చు నెలకు 22,000 తేలింది. సరుకులు, బట్టలు, మందులు, ఆన్‌లైన్ కొనుగోళ్లు, పరిమితికి లోబడిన బిల్లులు, అంతే. ఏడాదికి 2,64,000. మా కార్డులో 200 రూపాయలకు 6 పాయింట్లు. పాయింటు విలువ మాత్రం మనం వాడే చోటును బట్టి మారుతుంది. బ్యాంకు సైట్‌లో విమానం టికెట్టుకు వాడితే 50 పైసలు, షాపింగ్ వోచర్లకు 30, బిల్లులో తగ్గించుకుంటే 20. అంటే ఒకే కార్డు ఒకరికి ఒకటిన్నర శాతం వెనక్కి ఇస్తుంది, ఇంకొకరికి 0.6 శాతమే.

మేము ఒంగోలు వెళ్లేది శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో. విమానాల మొహం చూసేది ఏ రెండేళ్లకో. మాకు నిజంగా పనికొచ్చేది వోచర్లే. ఆ లెక్కన ఏడాదికి వచ్చేది 2,376 రూపాయలు. ఫీజు 2,950. ఖర్చు 3 లక్షలు దాటట్లేదు కాబట్టి మాఫీ కూడా లేదు.

"ఇంకో 36 వేలేగా వదినా, ఏసీ కొనెయ్యండి, ఫీజు పోతుంది" అన్నాడు మరిది. మా ఆయన అప్పటికే ఫోన్‌లో ఏసీలు వెతకడం మొదలుపెట్టాడు. కార్డు మన చేత ఖర్చు పెట్టించేది ఇలాగే. 2,950 మిగుల్చుకోవడానికి 36,000 పెట్టి, పాత ఫ్యానుకే చల్లగా ఉండే ఇంటికి ఏసీ బిగించాలట. కార్డు తీసేద్దామని అప్పుడే నిర్ణయించుకున్నాను.

మూసేముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది పాయింట్లు. చాలా కార్డుల్లో ఖాతా మూస్తే మిగిలినవి పోయినట్టే. నా దగ్గర 11,400 ఉన్నాయి. బ్యాంకు కేటలాగ్ తెరిస్తే ఒక మిక్సీ 9,800 పాయింట్లకు కనిపించింది. అదే కంపెనీ, అదే మోడల్ మారతహళ్లి షాపులో 1,950. అంటే పాయింటుకు 20 పైసలే గిట్టుబాటు. వోచర్లయితే అన్నింటికీ కలిపి 3,420 వస్తుంది. 99 రూపాయల ఛార్జీ ఇంకా అమల్లోకి రాలేదు కనుక నెల తిరగకముందే మొత్తం కిరాణా వోచర్లుగా మార్చేశాను. ఈ రూల్స్ అమలయ్యే తేదీని ముందు చూసుకోవాలి. మిగతా లెక్కంతా నింపాదిగా వేసుకోవచ్చు.

రెండోది ఆటో పే. మొబైల్ బిల్లు, ఓటీటీ, ఒక ఇన్సూరెన్స్ ప్రీమియం ఈ కార్డు మీదే ఉన్నాయి. ఒక్కోదాన్నీ వేరే కార్డుకు మార్చాను. దీనికి పట్టిన ఓపిక ఇంకే పనికీ పట్టలేదు. ఇన్సూరెన్స్ వాళ్లు పాతది రద్దయ్యాకే కొత్తది పెట్టనిస్తారు, ఆ మధ్యలో ప్రీమియం గడువు దాటుతుందేమోనని ఒకటే టెన్షన్. ఈఎంఐలు ఏమీ లేవు, అదొక అదృష్టం. బిల్లులోకి ఇంకా రాని ఖర్చు కూడా కట్టేసి, బాకీ సున్నా అయ్యాక రిక్వెస్ట్ పెట్టాను.

రిక్వెస్ట్ పెట్టిన మర్నాడే ఫోన్. భాష తెలుగు ఎంచుకున్నాను కనుక మన భాషలోనే మాట్లాడారు. "మేడమ్, మీరు మా పాత కస్టమర్. ఈ ఏడాది ఫీజు నేను రివర్స్ చేయిస్తాను, కార్డు ఉంచుకోండి."

"వచ్చే ఏడాది సంగతేంటండీ?"

"అప్పుడు మళ్లీ ఒకసారి కాల్ చేయండి మేడమ్, చూద్దాం."

ఏటా ఫోన్ చేసి ఫీజు తీసెయ్యమని బతిమాలే ఓపిక నాకు లేదు. వద్దండీ, మూసెయ్యండి అన్నాను. సరేనన్నారు. తీరా రెండు రోజులు పోయాక యాప్‌లో చూస్తే 'కస్టమర్ కోరిక మేరకు రిక్వెస్ట్ ఉపసంహరణ' అని ఉంది! నేను కోరింది దానికి సరిగ్గా తిరగేసి.

ఈసారి మెయిల్ రాశాను. రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన కార్డుల నిబంధనల ప్రకారం, బాకీ లేకపోతే మూసివేత అభ్యర్థనను 7 పనిదినాల్లో పూర్తి చేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున కస్టమర్‌కే కట్టాలి. ఛార్జీలు మారుస్తుంటే కనీసం నెల ముందు చెప్పాలి, ఆ మార్పు నచ్చక కార్డు తిరిగిచ్చేస్తే అందుకు విడిగా డబ్బు అడగకూడదు. ఈ మూడూ రాసి, మొదటి రిక్వెస్ట్ నంబరు జతచేసి, ఫిర్యాదుల విభాగానికి పంపాను. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. ఆ వాక్యం కూడా చివర్న పెట్టాను. అంతదాకా వెళ్లే అవసరం రాలేదు. గడువులోపే కార్డు మూసేశామని మెయిల్ వచ్చింది. నేను ఎక్కువ కట్టిన వంద చిల్లర బ్యాంకు ఖాతాకు తిరిగొచ్చింది.

మరిది ఒక్క విషయంలో గట్టిగా హెచ్చరించాడు. ఈ కార్డు లిమిట్ 3 లక్షలు, మిగిలిన కార్డుది లక్షన్నర. అంటే చేతిలో ఉన్న లిమిట్ మూడో వంతుకు పడిపోయింది. వాడకం లిమిట్‌లో 30 శాతం దాటితే క్రెడిట్ స్కోరుకు మంచిది కాదంటారు. అందుకే ఖర్చు ఎక్కువైన నెలలో స్టేట్‌మెంట్ తేదీకి ముందే కొంత కట్టేస్తున్నాను. పాత కార్డు మూసివేత క్రెడిట్ రిపోర్టులో ఎక్కిందో లేదో కూడా చూసుకోవాలి. మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్ లాంటి సంస్థలు నాలుగున్నాయి, ఒక్కోటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాది సిబిల్‌లో 'క్లోజ్డ్' అని పడింది, బాకీ సున్నా.

ఇప్పుడు మా ఆయన పేరు మీదున్న, ఏడాది ఫీజు లేని ఒక క్యాష్‌బ్యాక్ కార్డు ఆన్‌లైన్ కొనుగోళ్లకు వాడుతున్నాం. వచ్చేది నేరుగా రూపాయల్లో బిల్లులోనే తగ్గుతుంది, కేటలాగ్ తెరిచే పని లేదు. స్కూలు ఫీజు నెట్ బ్యాంకింగ్‌లో కడుతున్నాను. అద్దె ఖాతా నుంచి నేరుగా ఓనర్‌కు వెళ్తుంది. ఎలాగూ 2025 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు, వ్యాపారుల తరఫున ఆన్‌లైన్ చెల్లింపులు వసూలు చేసే పేమెంట్ అగ్రిగేటర్ల మీద కొత్త నిబంధనలు తెచ్చాక, కార్డుతో అద్దె కట్టే సౌకర్యాన్ని పెద్ద యాప్‌లే ఆపేశాయి. మరిది మాత్రం తన కార్డు వదలడు. ఆఫీసు పని మీద తరచూ విమానం ఎక్కేవాడు, వాడి లెక్కలో పాయింటుకు 50 పైసలకు పైనే పడుతోంది. ఫీజు కట్టి మరీ ఉంచుకున్నాడు. వాడి ఎక్సెల్ కూడా చూశాను, తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.