హ్యాడ్లీ వలయం అంచును లెక్కగట్టడం: నా అనుభవం

భూమధ్యరేఖ దగ్గర పైకి లేచిన గాలి ఎత్తులో ధ్రువాల వైపు సాగి, దాదాపు 30 డిగ్రీల అక్షాంశం దగ్గర కిందికి దిగుతుంది. ఇదే హ్యాడ్లీ వలయం. సహారా, కలహారి ఎడారులు ఉన్నది ఆ గాలి దిగే పట్టీలోనే. గత నాలుగు దశాబ్దాల్లో ఈ వలయం అంచు ధ్రువాల వైపు జరిగింది. అయితే ఆ జరగడం దశాబ్దానికి డిగ్రీలో పదో వంతుల్లోనే ఉంటుంది. 0.2 డిగ్రీలంటే 22 కిలోమీటర్లు. లెక్కలో చిన్న తేడా వచ్చినా అసలు సంకేతాన్ని మింగేస్తుంది.

నేను వాడేది ఈఆర్ఏ5 (పరిశీలనలనూ వాతావరణ నమూనానూ కలిపి గత వాతావరణాన్ని తిరిగి కట్టిన యూరోపియన్ డేటా) నెలవారీ సగటులు. కోపర్నికస్ క్లైమేట్ డేటా స్టోర్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఉత్తర-దక్షిణ గాలి వేగం 37 పీడన స్థాయిల్లోనూ (ఎత్తును గాలి పీడనంతో చెప్పే పొరలు) కావాలి, దాంతోపాటు ఉపరితల పీడనం కూడా. 0.25 డిగ్రీల గ్రిడ్‌లో ఒక్క నెలకే సుమారు 154 మెగాబైట్లు అవుతుంది. 1 డిగ్రీ గ్రిడ్ అడిగితే 10 మెగాబైట్ల లోపే, ఈ పనికి అది చాలు. 1940 నుంచి డేటా ఉన్నా ట్రెండ్‌కు 1979 నుంచే తీసుకుంటాను. అంతకుముందు ఉపగ్రహ పరిశీలనలు తక్కువ, దక్షిణార్ధగోళంలో ఆ లోటు బాగా కనిపిస్తుంది.

ఎక్కువ జాగ్రత్త కావాల్సింది పర్వతాల దగ్గర. టిబెట్ పీఠభూమి మీద 850 హెక్టోపాస్కల్ (గాలి పీడనపు కొలమానం) స్థాయి నేల అడుగున ఉంటుంది. అయినా ఫైల్‌లో అక్కడ ఏదో ఒక గాలి వేగం ఉంటుంది, అది ఊహించి నింపిన విలువ. స్థాయి పీడనం ఉపరితల పీడనాన్ని మించిన చోటల్లా వేగాన్ని సున్నా చేసి, ఆ తర్వాతే రేఖాంశాల సగటు తీయాలి. ఆ గడులను ఖాళీగా వదిలి, మిగిలినవాటికే సగటు తీస్తే లేని గాలిని ఉన్నట్టు లెక్కేసినట్టే. భాగహారం మొత్తం రేఖాంశాల సంఖ్యతోనే జరగాలి.

తర్వాత మాస్ స్ట్రీమ్ ఫంక్షన్, అంటే వలయంలో సెకనుకు ఎంత గాలి తిరుగుతోందో చెప్పే లెక్క. సగటు వేగాన్ని పై నుంచి కిందికి పీడనంతో సమాకలనం చేసి, 2π × భూమి వ్యాసార్ధం × అక్షాంశపు కొసైన్‌తో గుణించి, గురుత్వ త్వరణంతో భాగించాలి. హెక్టోపాస్కల్‌ను 100తో గుణించి పాస్కల్‌లోకి మార్చడం మరిచిపోకూడదు. శీతాకాలపు వలయం గరిష్ఠం సెకనుకు 10¹¹ కిలోల స్థాయిలో రావాలి. 10⁹ వచ్చిందంటే తప్పు అక్కడే. స్థాయిల వరుస కూడా చూసుకోవాలి. 1000 హెక్టోపాస్కల్ ముందుంటే తిరగేయాలి, లేకుంటే గుర్తు తారుమారవుతుంది. నేల దగ్గర విలువ సున్నా కాకపోతే, గాలి ఉన్న మందం మొత్తానికి సగటు వేగం తీసి ప్రతి స్థాయి నుంచీ తీసేస్తాను.

అంచు అంటే 500 హెక్టోపాస్కల్ దగ్గర గరిష్ఠం దాటాక ధ్రువం వైపు విలువ మొదటిసారి సున్నాను దాటే చోటు. గ్రిడ్ బిందువునే తీసుకుంటే ట్రెండ్ మెట్లుమెట్లుగా వస్తుంది కాబట్టి, రెండు బిందువుల మధ్య సరళరేఖ గీసి సున్నా పడే అక్షాంశం పట్టాలి. ఉత్తరార్ధగోళపు వేసవిలో అక్కడి వలయం దాదాపు కరిగిపోతుంది, అంచు అటూ ఇటూ గెంతుతుంది. అందుకే ముందు స్ట్రీమ్ ఫంక్షన్‌కు ఏడాది సగటు తీసి, ఆ తర్వాతే అంచు వెతుకుతాను. నెలవారీ అంచుల సగటు దీనితో సమానం కాదు.

సరిచూసుకోవడానికి నేల దగ్గరి తూర్పు-పడమర గాలి సున్నా అయ్యే అక్షాంశాన్ని కూడా లెక్కిస్తాను. ఈ రెండూ ఏటేటా కలిసి కదులుతాయి. ఉపఉష్ణమండల జెట్ ప్రవాహం (ఎత్తులో వేగంగా వీచే పడమటి గాలి) స్థానం మాత్రం వీటితో సరిగా కలవదు. దాన్ని అంచుకు బదులుగా వాడటం నాకు సమ్మతం కాదు.

కారణం చెప్పేటప్పుడు రెండు గోళాలనూ విడివిడిగా చూడాలి. దక్షిణాన వేసవి కదలికలో అంటార్కిటిక్ ఓజోన్ తరుగుదల వాటా పెద్దది. ఓజోన్‌ను హరించే రసాయనాలను కట్టడి చేసిన మాంట్రియల్ ఒప్పందం పుణ్యమా అని 2000 ప్రాంతంలో ఆ తరుగుదల ఆగింది కాబట్టి, అక్కడ ట్రెండ్‌ను రెండు ముక్కలుగా తీయాలి. ఉత్తరాన పసిఫిక్ దశాబ్దాల ఊగిసలాట (పసిఫిక్ సముద్ర ఉష్ణోగ్రతల్లో దశాబ్దాల పాటు సాగే సహజ మార్పు) బలంగా ఉంది. అక్కడ కనిపించే కదలిక సహజ హెచ్చుతగ్గుల పరిధి దాటలేదు. దాన్నంతటినీ కార్బన్ డయాక్సైడ్ ఖాతాలో వేయకూడదు.