దారిలో మొండికేసిన మిర్రర్‌లెస్ కెమెరా: 6 రోజుల లాగ్

పరికరాలు: ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా బాడీ, 24-70 ఎఫ్/2.8 జూమ్, 35 ఎంఎం ప్రైమ్ (జూమ్ లేని లెన్సు), 7.2 వోల్టుల బ్యాటరీలు 2, 64 జీబీ ఎస్‌డీ కార్డులు 3.

రిపేరు సంచీలో: రబ్బరు బ్లోయర్, మైక్రోఫైబర్ గుడ్డలు 2, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వైప్స్ 4, దూది పుల్లలు, బొటనవేలంత మల్టీమీటర్, జిప్ సంచులు 3, సిలికా జెల్ పొట్లాలు, గాఫర్ టేపు (జిగురు మరక వదలని గుడ్డ టేపు) ఒక మూర. స్క్రూడ్రైవర్ లేదు, కావాలనే పెట్టలేదు. బాడీ విప్పితే దారిలో బాగయ్యేవాటికంటే పాడయ్యేవే ఎక్కువ. పైగా లోపల ఫ్లాష్ ఉన్న కెమెరాల్లో కెపాసిటర్ 300 వోల్టుల దాకా పట్టి ఉంచుతుంది, బ్యాటరీ తీసేసినా సరే.

1వ రోజు: ఆన్ కావడం లేదు

స్విచ్ తిప్పితే ఏ దీపమూ వెలగలేదు. బ్యాటరీ వోల్టేజీ 8.1. రెండు సెల్స్ వరసగా ఉండే ఈ రకం నిండుగా ఉంటే 8.4 చూపిస్తుంది, ఖాళీ అయ్యేసరికి 6 దరిదాపులకు దిగుతుంది. ఈ అంకెను మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. ముసలి బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 8 చూపించి, కెమెరా కరెంటు లాగగానే చతికిలబడుతుంది. అందుకే రెండో బ్యాటరీ వేసి చూడటమే అసలు పరీక్ష. దానితోనూ చలనం లేదు.

తర్వాత కాంటాక్టులు. ముందు పొడి గుడ్డ, లాభం లేకపోతే వైప్. పెన్సిల్ రబ్బరుతో రుద్దమని చాలామంది చెబుతారు, కానీ అది బంగారు పూతను అరగదీస్తుంది, దాని పొడి లోపల రాలుతుంది. బ్యాటరీ మీద ప్లస్, మైనస్ కాక మధ్యలో ఉండే చిన్న రేకులు ఉష్ణోగ్రత, గుర్తింపు సమాచారం చేరవేస్తాయి. అవి మాసితే బ్యాటరీ నిండుగా ఉన్నా కెమెరా దాన్ని ఒప్పుకోదు. ఇక్కడ అవీ శుభ్రంగానే ఉన్నాయి.

బ్యాటరీ, కార్డు, లెన్సు మూడూ తీసి, మౌంటుకు (లెన్సు బిగించే చోటు) మూత పెట్టి 10 నిమిషాలు వదిలేశాక బ్యాటరీ ఒక్కటే వేసినా అదే పరిస్థితి. చివరికి బ్యాటరీ మూతను బొటనవేలితో గట్టిగా లోపలికి నొక్కి స్విచ్ వేస్తే కెమెరా లేచింది.

కారణం తెలిసిపోయింది. మూత లోపలి అంచున అగ్గిపుల్ల తలకాయంత బొడిపె ఉంటుంది. మూత పడగానే అది బాడీలోని చిన్న స్విచ్‌ను నొక్కుతుంది. ఆ స్విచ్ పడకపోతే మూత తెరిచే ఉందని కెమెరా అనుకుంటుంది. బొడిపె కొంత అరిగింది, మూత గొళ్ళెం కూడా వదులైంది. బొడిపె మీద 3 మి.మీ. టేపు ముక్క రెండు పొరలు వేస్తే సరిపోయింది. మూడు పొరలు వేస్తే మూత పడటం లేదు. బయటి నుంచి మూతకు అడ్డంగా ఇంకో పట్టీ. కార్డు మూత కింద కూడా ఇలాంటి స్విచ్చే ఉండే మోడళ్ళున్నాయి, కాబట్టి రెండు మూతలూ నొక్కి చూడాలి.

సాయంత్రం వెనక తెర నల్లబడింది, షట్టర్ శబ్దం మాత్రం వస్తోంది. ఇది చాలామందిని హడలగొట్టే ఉత్తుత్తి జబ్బు. వ్యూఫైండర్ పక్కనున్న కంటి సెన్సార్ మీద సన్‌స్క్రీన్ జిడ్డు పడింది. ముఖం అక్కడే ఉందనుకుని కెమెరా బొమ్మను వ్యూఫైండర్‌కు పంపుతోంది. తుడిస్తే తెర వెలిగింది. మెడ పట్టీ అడ్డం పడినా ఇంతే.

2వ రోజు: కార్డు చదవలేకపోతోంది

తెర మీద రెండు దారులు: ఫార్మాట్ చేయి, లేదా కార్డు మార్చు. మొదటిదాని జోలికి పోలేదు. కార్డు తీసి, పక్కనున్న లాక్ బుడిపెను కిందికి జరిపి (కాంటాక్టుల అంచు నుంచి దూరంగా), దాని మీద '2' అని రాసి పక్కన పెట్టడమైంది. ఇక దాని మీద ఒక్క ఫోటో కూడా రాయకూడదు. మామూలు ఫార్మాట్ ఫైళ్ళ జాబితానే చెరుపుతుంది, ఫోటోలు కింద అలాగే ఉంటాయి. వాటి మీద కొత్తవి పడ్డప్పుడే అసలు నష్టం. లో-లెవెల్ ఫార్మాట్ (కార్డు అంతా చెరిపేది) సంగతి వేరు, దాని తర్వాత ఆశ పెట్టుకోవద్దు.

రాత్రి ల్యాప్‌టాప్‌లో ఫోటోరెక్ నడిపితే ఫైళ్ళు బయటికొచ్చాయి. ఇది ఉచిత ప్రోగ్రామ్, కార్డు మీద ఏమీ రాయదు. దొరికిన ఫైళ్ళను దాచే చోటు మాత్రం వేరే డిస్క్ అయి ఉండాలి, అదే కార్డు ఎంచుకుంటే తవ్విన మట్టి మళ్ళీ అదే గోతిలో పోసినట్టు. ఫైళ్ళ పాత పేర్లు, ఫోల్డర్లు రావు. ఫోటో ఫైల్లోనే కెమెరా రాసే ఎక్సిఫ్ వివరాల్లోని సమయాన్ని బట్టి వరస కట్టాలి, అందుకే కెమెరా గడియారం సరిగా ఉండటం ముఖ్యం. బ్యాటరీ తీసిన 10 నిమిషాలకే తేదీ చెరిగిపోతే లోపలి గడియారం సెల్ ఖాళీ అయినట్టే. చాలా మోడళ్ళలో అది పెద్ద బ్యాటరీ నుంచే చార్జ్ అవుతుంది, నిండు బ్యాటరీ రెండు రోజులు లోపలే ఉంచితే కోలుకుంటుంది.

లాక్ బుడిపె గురించి ఇంకొక మాట: దానికి కార్డు లోపల ఏ తీగా లేదు. అది ఎక్కడుందో స్లాట్‌లోని స్విచ్ తడిమి చూసుకుంటుంది. బుడిపె ఊడిపోతే కార్డు ఎప్పుడూ లాక్ అయినట్టే కనబడవచ్చు. ఆ గాడి మీద పల్చటి టేపు అంటిస్తే తాత్కాలికంగా రాస్తుంది, కాకపోతే టేపు స్లాట్‌లో ఊడిపోయే ప్రమాదం ఉంది.

3వ రోజు: టేపు నిలిచింది. కొత్త తేడా లేదు.

4వ రోజు: లెన్సు ఎర్రర్

జూమ్‌తో ప్రతి మూడో ఫోటోకు 'లెన్సు కమ్యూనికేషన్' హెచ్చరిక. 35 ఎంఎం వేస్తే హెచ్చరిక లేదు, కాబట్టి బాడీ నిర్దోషి. జూమ్ వెనక కాంటాక్టులు తుడిచినా మార్పు రాలేదు. అప్పుడు చేసిన పరీక్ష ఇది: మాన్యువల్ మోడ్‌లో ఎఫ్/2.8 (రంధ్రం పూర్తిగా తెరిచి) పెట్టి 20 ఫోటోలు, ఎఫ్/8లో (కొంత మూసి) 20. మొదటి వరసలో ఒక్క ఎర్రరూ లేదు, రెండో వరసలో 7. అంటే ఫోకస్ మోటారు బాగుంది, తేడా కాంతి రంధ్రాన్ని మూసి తెరిచే అపర్చర్ రేకుల దగ్గర ఉంది. సాధారణంగా ఇది రేకులకు వెళ్ళే ఫ్లెక్స్ కేబుల్ (పల్చటి, వంగే పట్టీ తీగ) పగులు. జూమ్ తిప్పినప్పుడల్లా అది వంగుతుంది, కొన్నాళ్ళకు ఒక చోట తెగుతుంది. దారిలో బాగుచేసే పని కాదు.

రేకులు కదలని ఎఫ్/2.8లోనే లెన్సును వాడటం మిగిలిన దారి. ఎండలో ఐఎస్ఓ (కాంతికి స్పందించే స్థాయి) 100కి ఎఫ్/16 దగ్గర సెకనులో 100వ వంతు కావాలనుకుంటే, ఎఫ్/2.8కి 5 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెండింతలు) తేడా, అంటే దాదాపు 3200వ వంతు. షట్టర్ 4000 దాకా వెళ్తే ఫోటోలకు ఫిల్టర్ అక్కర్లేదు. వీడియోకు 50వ వంతు కావాలంటే ఇంకో 6 స్టాపులు కోయాలి, అంటే వెలుతురును 64వ వంతుకు తగ్గించే ఎన్‌డీ 64 ఫిల్టర్. దగ్గరా దూరమూ రెండూ స్పష్టంగా కావాల్సిన దృశ్యాలకు 35 ఎంఎం. స్విచ్ వేయగానే రేకుల్ని ఒకసారి మూసి తెరిచే లెన్సుల్లో ఈ ఉపాయం పారదు.

ఆటోఫోకస్ పోయి ఉంటే లెక్క ఇంకోలా ఉండేది. 24 ఎంఎం, ఎఫ్/8, ఫోకస్ 2.4 మీటర్లు అనుకుంటే 1.2 మీటర్ల నుంచి అనంతం దాకా చాలినంత స్పష్టత వస్తుంది. అయితే ఫోకస్ రింగు కూడా మోటారు ద్వారానే పనిచేసే లెన్సుల్లో మోటారు చస్తే చేత్తో తిప్పినా ఏమీ కదలదు.

5వ రోజు: చలి, ఆ తర్వాత తేమ

తెల్లవారుజామున గడ్డకట్టే చలి. 60 శాతం చూపించిన బ్యాటరీ పది నిమిషాల్లో ఎర్రబడింది. ఇది మరమ్మతు అక్కర్లేని తేడా: చలికి లోపలి రసాయన చర్య మందగిస్తుంది, వెచ్చబడితే చార్జీ తిరిగొస్తుంది. ఒకటి కెమెరాలో, ఒకటి చొక్కా లోపలి జేబులో పెట్టి, అరగంటకోసారి మార్చడమైంది. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న బ్యాటరీని చార్జర్‌లో పెట్టకూడదు, లోపల లోహపు లిథియం పేరుకుని శాశ్వతంగా పాడవుతుంది.

వెచ్చటి గదిలోకి వచ్చే ముందు, బయట ఉండగానే కార్డు, బ్యాటరీ తీసేసి, కెమెరాను జిప్ సంచిలో పెట్టి గాలి నొక్కి మూసేయాలి. మంచు బిందువులు సంచి మీద పడతాయి, లోపల పడవు. రెండు గంటలు ఆగాలి. కార్డు ముందే తీయకపోతే ఫోటోల కోసం మధ్యలో సంచి తెరిచే బుద్ధి పుడుతుంది, పని చెడేది అక్కడే. నిజంగా తడిసిన కెమెరాకు బియ్యం వద్దు. దాని పొడి, పిండి సందుల్లోకి దూరతాయి, తేమ లాగడంలో సిలికా జెల్‌కు సాటి రాదు. స్విచ్ వేసి 'పనిచేస్తుందేమో' అని చూడటం అన్నిటికంటే పెద్ద తప్పు.

6వ రోజు: తిరుగు ప్రయాణం

విడి బ్యాటరీలు చేతి సంచిలోనే, కాంటాక్టులకు టేపు అంటించి. 7.2 వోల్టులను బ్యాటరీ సామర్థ్యం 2.28 ఆంపియర్ అవర్లతో గుణిస్తే 16.4 వాట్ అవర్లు, విమానాల 100 వాట్ అవర్ల పరిమితికి చాలా కింద.

పెండింగ్: బ్యాటరీ మూత మార్చాలి (గొళ్ళెంతో కలిపి ఒకే భాగంగా వస్తుంది). జూమ్ సర్వీసుకు వెళ్ళాలి, వెంట ఎఫ్/2.8, ఎఫ్/8 పరీక్షల అంకెలు రాసిన చీటీ. కార్డు 2 వాడకం నుంచి విరమణ. టేపు ఇంకో మూర కొనాలి.